చేతిపనివాళ్ల జమాఖర్చు – నాలుగో పాఠం: బ్యాంకులో పడింది కాదు, కస్టమర్ ఇచ్చింది రాయండి

పోయిన పాఠంలో రెండు చిట్టాలకి గళ్లు గీసుకున్నాం, ఒకటి నగదుకి, ఒకటి బ్యాంకుకి. ఈసారి వాటిలో ఒక పనిరోజు మొత్తం నింపుదాం. పెన్ను పట్టుకుని, నాతోపాటు రాస్తూ చదవండి, ఊరికే చదువుకుంటూ పోతే ఇది బుర్రకెక్కదు.

ఒక ప్లంబర్ రోజు తీసుకుందాం. పొద్దున చేతిలో 500 ఉంది. మొదటి ఇంట్లో పని చేస్తే 1200 నగదు ఇచ్చారు. దారిలో పైపు ముక్కలు, వాషర్లు నగదు పెట్టి కొన్నాడు. రెండో చోట 1800 బిల్లయితే కార్డు గీకారు. సాయంత్రం బ్యాంకులో 500 కట్టి, ఇంటి ఖర్చుకని 400 తీసుకున్నాడు. అమ్మకం పన్ను 20 శాతం, అది బిల్లులోనే కలిసి ఉందనుకుందాం. లెక్క తేలిగ్గా నడవాలని ఆ రేటు పెట్టాను, మీకు వర్తించేది ఎంతయితే అంత వేసుకోండి. అసలు అమ్మకం పన్ను నమోదు లేనివాళ్లు ఆ ముక్క వదిలేయొచ్చు, మిగతాదంతా మీకూ వర్తిస్తుంది.

ముందు కార్డు సంగతి చూద్దాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1800 గీకితే మర్నాడు బ్యాంకులో పడేది 1764, ఎందుకంటే 2 శాతం చార్జీ కింద 36 ముందే కోసేసుకుంటారు. స్టేట్‌మెంట్‌లో 1764 కనిపిస్తుంది కాబట్టి చాలామంది చిట్టాలో కూడా 1764 అనే రాసేస్తారు. అలా వద్దు. అమ్మకం 1800 అని ఒక పద్దు, బ్యాంకు చార్జీ 36 అని ఖర్చు కింద ఇంకో పద్దు, రెండూ విడివిడిగా రాయాలి. నికరంగా బ్యాంకుకి చేరేది ఎటూ 1764 కదా, ఇంత తంటా ఎందుకంటారా? పన్ను దగ్గర తేడా వస్తుంది. కస్టమర్ ఇచ్చిన 1800లో అమ్మకం పన్ను 300, మీది 1500, అందులో చార్జీ 36 పోగా మిగిలేది 1464. అదే 1764 అమ్మకం అని రాసుకుంటే పన్ను 294 అని, మిగులు 1470 అని తేలుతుంది. అంటే అమ్మకం పన్ను 6 తక్కువ కట్టి, లాభం మాత్రం 6 ఎక్కువ చూపించి దాని మీద ఆదాయప్పన్ను కడుతున్నారన్నమాట. ఒక్క బిల్లుకి ఆరే కావచ్చు, కానీ ఏడాది పొడవునా ప్రతి కార్డు బిల్లుకీ ఇదే జరుగుతుంది. ఎప్పుడైనా తనిఖీ జరిగి కార్డు మెషీన్ లెక్క పక్కన మీ పుస్తకం పెట్టి చూస్తే రెండూ కలవవు, అప్పుడు పడే టెన్షన్ ముందు రోజూ ఒక లైను అదనంగా రాయడం పెద్ద పనేం కాదు.

300 ఎలా వచ్చిందో కూడా చూడండి. పన్ను కలిసిన మొత్తం మీద మళ్లీ 20 శాతం వేస్తే 360 వస్తుంది, అది తప్పు. 100 మీద 20 వేస్తే 120 అయింది, కాబట్టి పన్ను అంటే 120లో 20, ఆరో వంతు. 1800ని ఆరుతో భాగించండి, 300. నగదు బిల్లు 1200లో 200. రేటు 10 శాతమైతే పదకొండో వంతు, 25 అయితే అయిదో వంతు. ఈ రోజుకి రెండు బిల్లుల పన్ను మొత్తం 500, అది మీ చేతిలో ఉన్నా మీది కాదు. వీలుంటే దానికోసం వేరే ఖాతా పెట్టి వారానికోసారైనా అందులోకి మార్చేయండి. గల్లాలో కలిసున్న పన్ను డబ్బు ఖర్చయిపోకుండా ఉండటం చాలా కష్టం.

ఇక నగదు చిట్టా. ఇందులో కార్డు ఊసే రాకూడదు. పొద్దుటి నిల్వ 500, వచ్చింది 1200, సరుకుకి 340, బ్యాంకుకి 500, ఇంటికి 400. ముగింపు నిల్వ 460 ఉండాలి. ఎంచి చూస్తే 370 ఉంది! 90 తక్కువ. ఇక్కడ జేబులోంచి వేసి సరిపెట్టేయకండి, దయచేసి. ముందు తేడాని తొమ్మిదితో భాగించండి. శేషం లేకుండా పోయిందంటే అంకెలు అటూ ఇటూ తారుమారు చేశారేమోనని అనుమానించాలి, లేదా ఎక్కడో సున్నా ఎగిరిపోయి 500 కాస్తా 50 అయి ఉండాలి. 90 సరిగ్గా పోతుంది. సరుకు బిల్లు తీసి చూస్తే 430 ఉంది, రాసింది 340. దొరికేసింది. తొమ్మిదితో పోకపోతే తేడాలో సగం ఎంతో చూసి ఆ మొత్తం ఏ పద్దులో ఉందో వెతకండి, పోయింది వచ్చిందిలో పడిందేమో. రెండు రకాలుగానూ దొరక్కపోతే 'తేడా' అని పేరు పెట్టి ఆ రోజు తేదీతో రాసి వదిలేయండి, దాచొద్దు.

ఇంటికి తీసుకున్న 400 వ్యాపారం ఖర్చు కాదు. సొంతవాడకం అని రాయాలి. దానివల్ల నగదు తగ్గుతుంది గానీ లాభం తగ్గదు. బ్యాంకులో కట్టిన 500 కూడా అంతే, అది ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు, ఒక చిట్టాలోంచి ఇంకో చిట్టాలోకి వెళ్లింది, అందుకే రెంటిలోనూ రాయాలి.

నగదు కట్టినందుకు కూడా మీ బ్యాంకు చార్జీ వేస్తుంటే అది శాతం లెక్కా, కట్టిన ప్రతిసారీ ఇంత అనా కనుక్కోండి. ప్రతిసారీ అయితే కొంచెం కూడబెట్టి ఒకేసారి కట్టడం నయం, కాకపోతే చేతిలో మరీ ఎక్కువ ఉంచుకోకుండా.

వచ్చే పాఠానికి ముందు మీ పోయిన నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని చార్జీ అని కనిపించిన ప్రతి లైనుకీ సున్నా చుట్టండి. నెలవారీ చార్జీ, కార్డు చార్జీ, చెక్కు తిరిగొచ్చినందుకు వేసింది, ఏదైనా సరే. వాటిలో మీ చిట్టాలో లేనివన్నీ ఒక కాగితం మీద విడిగా రాసి ఉంచండి. అయిదో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడతాం.