ఎయిర్ రైఫిల్ గింయ్‌మంటోందా? ముందు వదులు ఎక్కడుందో చూడండి

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ పేలిస్తే రెండు చప్పుళ్లు వస్తాయి. మొదటిది గాలి తన్నుకొచ్చే "ఠప్". దాని జోలికి పోనక్కర్లేదు. రెండోది ఆ వెనకే "గింయ్..."మని సాగే మోత. చెంప బట్‌కి ఆనించి ఉంటే పళ్లలోకి కూడా తెలుస్తుంది. బాగుచెయ్యాల్సింది దీన్నే.

నేను విశాఖ షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా మద్దిలపాలెం కుర్రాళ్లు, ఆర్కే బీచ్‌లో బెలూన్లు పేల్చే ఆట పెట్టుకునేవాళ్లు తుపాకీ పట్టుకొచ్చి, "బాబాయ్, మోగుతోంది, కాస్త గ్రీజు కొట్టవా" అంటుంటారు. గ్రీజు ఆఖరి పని అని ప్రతివాడికీ మళ్లీ చెప్పాల్సిందే.

లోపల జరిగేది ఇదీ. బారెల్ వంచి కాక్ చేస్తే పిస్టన్ వెనక్కి వెళ్లి స్ప్రింగ్ అణుగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను, అంటే చిన్న గుండుని, తోస్తుంది. అందుకే తుపాకీ మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగేసరికి ముందుకు గుంజుతుంది. పిస్టన్ ఆగినా స్ప్రింగ్ ఆగదు. స్ప్రింగ్ లోపల దూరి దాన్ని నిలబెట్టే గైడ్ రాడ్ సన్నగా ఉంటే, వదులు గాజులు వేసుకున్న చెయ్యి ఊపినట్టు దాని మీద గలగలా కొట్టుకుంటుంది. వణుకు, మోత రెండూ అక్కడివే.

విప్పేముందు ఖర్చులేని పనులు చెయ్యండి. బట్ స్క్రూలన్నీ బిగించండి, ముఖ్యంగా ముందువైపు రెండూ. నా దగ్గరికొచ్చే తుపాకుల్లో చాలావాటికి రోగం అక్కడే సగం కుదురుతుంది. బారెల్ మూసి పక్కలకు కదిపి చూడండి, ఆడితే పివట్ బోల్టు, అంటే బారెల్ వంగే చోటున్న బోల్టు, బిగించాలి. బారెల్ మూసే జాయింటు మీద చిన్న టిష్యూ ముక్క పెట్టి పెల్లెట్‌తో పేల్చండి. ముక్క ఎగిరిందంటే అక్కడి ఓ-రింగ్ (గాలి ఆపే గుండ్రటి రింగు) లీకవుతోంది. గాలి పక్కకి పోతే పిస్టన్‌కి అడ్డుండే మెత్తదనం తగ్గి, వెళ్లి చివర గట్టిగా కొడుతుంది. పెల్లెట్ లేకుండా పేల్చినా ఇదే దెబ్బ, అది పిస్టన్ ముందు కొసన గాలి జారకుండా ఆపే సీల్‌ని తినేస్తుంది. మరీ తేలిక పెల్లెట్లతోనూ దెబ్బ ఎక్కువే. 4.5 మిల్లీమీటర్ల తుపాకీకి 8 గ్రెయిన్ల దగ్గర బరువున్నవి, అంటే సుమారు అర గ్రాము, వాడి చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా మోగితే విప్పాలి. కాక్ చేసి ఉన్న తుపాకీని ముట్టుకోవద్దు. కాక్ చెయ్యకపోయినా స్ప్రింగ్ లోపల కొంత అణిగే ఉంటుంది. వెనక బిళ్ల విప్పగానే మొహానికి వస్తుంది. వడ్రంగులు వాడే పొడవాటి క్లాంపులో బిగించి, పిన్ను తీసి, క్లాంపు మెల్లగా వదలాలి. క్లాంపు లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు, అంతే.

బయటికొచ్చిన స్ప్రింగ్‌ని కిరసనాయిలుతో కడిగి, పొడిగా తుడిచి, అద్దం పలక మీద దొర్లించండి. సాఫీగా దొర్లితే మంచిదే. ఎగిరెగిరి దొర్లితే వంగిపోయింది, మార్చెయ్యండి. తర్వాత రెండు చివర్లనీ వేలితో తడమండి. కొస వేలికి గీసుకుంటుంటే ఆకురాయితో అంచు తీసి, ఎమరీ పేపరుతో నున్నగా చెయ్యండి.

ఇప్పుడు అసలు పని. స్ప్రింగ్‌ని గైడ్ రాడ్‌కి తొడిగి ఊపండి. టకటకమంటే దొంగ దొరికినట్టే. వెర్నియర్ కాలిపర్‌తో స్ప్రింగ్ లోపలి కొలత నాలుగైదు చోట్ల తీసుకుని, గాజువాక ఆటోనగర్‌లో ఏదైనా చిన్న లేత్ షాపుకి వెళ్లి అదే కొలతకి కొత్త గైడ్ తిప్పించండి. చేత్తో మెలితిప్పుతూ తోస్తేనే ఎక్కేంత బిగువుగా ఉండాలి. "ఇంత బిగువైతే పట్టేయదా" అని లేత్ కుర్రాడు అడుగుతాడు. పట్టేయదు. స్ప్రింగ్ అణిగినప్పుడు దాని వ్యాసం కొంచెం పెరుగుతుంది, కాబట్టి కాక్ చేసేటప్పుడు దానంతటదే వదులిస్తుంది. అందుకే బయటివైపు, పిస్టన్ గోడకీ స్ప్రింగ్‌కీ మధ్య మాత్రం కాస్త ఖాళీ ఉండాలి.

మెటీరియల్ దగ్గర పిసినారితనం వద్దు. షాపువాడు నైలాన్ రాడ్ చవగ్గా ఉందని చూపిస్తాడు. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. మన విశాఖ గాలిలో ఈరోజు సరిపోయిన కొలత వానాకాలానికి మారిపోతుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ అడగండి, అది తేమని చాలా తక్కువ పీలుస్తుంది. మిగిలిన ముక్కతోనే పిస్టన్‌వైపు స్ప్రింగ్ కొసలో కూర్చునే టోపీ కూడా చేయించండి. రెండు కొసలూ మధ్యకి కుదిరితే స్ప్రింగ్ వంకరపోదు. అణిగేటప్పుడు, విడిచేటప్పుడు స్ప్రింగ్ కొంచెం మెలి తిరుగుతుంది కాబట్టి టోపీ కింద పాలిష్ చేసిన స్టీలు వాషరు ఒకటి వేస్తే ఆ మెలిక తుపాకీకి తగలదు. వాషరు మందం ఎంతో స్ప్రింగ్ అంత ఎక్కువ అణుగుతుందని మర్చిపోవద్దు, పలచటిదే చాలు. మోత తగ్గుతుంది కదాని బలమైన స్ప్రింగ్ మాత్రం పెట్టొద్దు. వణుకు పెరుగుతుంది. పైగా 2016 ఆయుధ నిబంధనల్లో లైసెన్సు లేకుండా ఉంచుకోదగ్గ ఎయిర్ రైఫిల్‌కి, పెల్లెట్ బయటికొచ్చే శక్తి మీద 20 జౌళ్ల గీత ఉంది.

ఇప్పుడు గ్రీజు. పిస్టన్ వెనక భాగం బయట మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిసినది) పలచగా రాయండి. స్ప్రింగ్‌కి బంకలా అంటుకునే చిక్కటి గ్రీజు తీగలకి పైపూతలా పట్టించండి, ముద్దలు పెట్టొద్దు. ముద్దలు పెడితే మోత పోతుంది నిజమే, పెల్లెట్ వేగం కూడా పోతుంది. చలికాలం అరకు తీసుకెళ్తే ఆ గ్రీజు ఇంకా బిగుసుకుంటుంది. సీల్ ముందువైపు గదిలో మాత్రం నూనె, గ్రీజు, కడిగిన కిరసనాయిలు చుక్క కూడా మిగలకూడదు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి వేడెక్కితే అది డీజిల్ ఇంజన్‌లోలా మండి ఫటేలుమంటుంది, సీల్ పాడవుతుంది. తోలు సీల్ ఎండిపోయి ఉంటే మాత్రం ఆ తోలుకి సిలికాన్ నూనె ఒక్క చుక్క చాలు.

బిగించాక మొదట కొన్ని పెల్లెట్లకి కాస్త పొగ, వాసన వస్తాయి, కంగారుపడొద్దు. తుపాకీని గట్టిగా అదిమి పట్టుకోకండి. ముందువైపు చేతి అరచేతి మీద ఊరికే ఆననిచ్చి, దాని తన్ను అది తన్నుకోనివ్వండి. అప్పుడే చేసిన పని ఎంతవరకూ పనిచేసిందో చేతికి తెలుస్తుంది. ఇంట్లో పెట్టేటప్పుడు ఎప్పుడూ కాక్ చేసి ఉంచొద్దు. బీచ్ దగ్గరివాళ్లైతే వాడిన ప్రతిసారీ బయటి ఇనుముకి నూనెగుడ్డ పెట్టండి, ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు మచ్చ లేస్తుంది.