చలి పరుగులో వాక్యధ్యానం

డిసెంబరులో స్నేహితులతో కలిసి 5కె (ఐదు కిలోమీటర్ల) పరుగుకు పేరిచ్చారా? ప్రాక్టీసునే బైబిలు వాక్యధ్యానంగా మార్చుకోండి. తిరుపతిలో తెల్లవారుజామున శేషాచలం కొండల వైపు నుంచి చలిగాలి కొడుతుంటే స్వెట్టర్ వేసుకునే బయల్దేరతాం. ఒళ్ళు వేడెక్కాక అదే బరువు, చెమటకు వీపుకు అంటుకుపోతుంది. దాన్ని తీసి బండి మీద పెట్టేటప్పుడు హెబ్రీయులకు 12:1 గుర్తుచేసుకోండి. ప్రతి భారాన్నీ విడిచి ఓపికతో పరుగెత్తమంటుంది. మీరు మోస్తున్న పగో దిగులో ఏదైనా సరే, ప్రభువుకు అక్కడే చెప్పేయండి. నాకైతే గదిలో చదివినప్పటికంటే ఇలాగే ఆ మాట మనసుకు పట్టింది.

వేగం మాత్రం గుంపులో అందరికన్నా నెమ్మదైనవారిదే పెట్టుకోండి. ఎవరైనా ఆయాసంతో ఆగితే పక్కవాళ్ళూ ఆగాలి. పడినవాణ్ణి తోడువాడు లేవనెత్తుతాడని ప్రసంగి 4:10లో ఉంది కదా. అన్నట్టు, మొదటి పది నిమిషాలు నడవండి, చలికి కండరాలు పట్టేస్తాయి.