విశాఖ సముద్రపు నీటిని అక్షాంశాల పోలికకు పనికొచ్చేలా తీయడం ఎలా

భూమధ్యరేఖ దగ్గర సముద్రపు పైనీటిలో సూక్ష్మజీవుల రకాలు ఎక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ తక్కువ. 2009-13 మధ్య టారా అనే పరిశోధక నౌక సేకరించిన నమూనాల్లోనూ ఇదే కనిపించింది. ఈ తేడా అన్నిటికంటే గట్టిగా ముడిపడింది నీటి ఉష్ణోగ్రతతో. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల ఉత్తరాన. ఆ పోలికలో మన నీళ్లూ చేరాలంటే తీసే పద్ధతి కుదరాలి.

హార్బర్ లోపల ముంచిన సీసా ఊరి మురుగు గురించే చెబుతుంది. ఒడ్డు నుంచి 15-20 కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ దొరకదు, ముందే చూసుకోండి. చోటుకి చేరాక ఇంజన్ ఆపించి, పొగగొట్టానికీ చేపల గదిలోంచి ఐసు నీళ్లు తోడిపోసే చోటుకీ ఎదురు వైపు నుంచి నిస్కిన్ సీసాను (కోరిన లోతులో మూసుకుని అక్కడి నీటిని పట్టేది) 5 మీటర్ల లోతుకి దించండి. నీళ్లు పట్టే డబ్బాలను ముందురోజే 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత శుద్ధజలంతో కడిగి ఉంచాలి. అక్కడి సముద్రపు నీటితో మూడుసార్లు తొలిచి అప్పుడు నింపాలి.

నీటిలోని సూక్ష్మజీవులను ఫిల్టరు మీద పట్టి, వాటి డీఎన్ఏ చదివి రకాలు లెక్కపెడతాం. అసలు కష్టం ఆ వడపోతలో. 200 మైక్రాన్ల జల్లెడ దాటిన నీటిని పెరిస్టాల్టిక్ పంపుతో (మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ నీటిని తోసేది) 0.22 మైక్రాన్ల స్టెరివెక్స్ ఫిల్టరు గుండా పంపండి. నిమిషానికి 50 మిల్లీలీటర్లు చాలు. వరద కాలంలో బురదకి ఫిల్టరు అర లీటరుకే మూసుకుపోతుంది. అప్పుడు చాలామంది పంపు వేగం పెంచేస్తారు. కణాలు పగిలి డీఎన్ఏ కిందికి కారిపోతుంది. ధార చుక్కలుగా మారగానే ఆపేసి, బయటికొచ్చిన నీటిని కొలజాడీలో కొలిచి అంకె రాసుకోండి. మధ్యలో 3 మైక్రాన్ల ఫిల్టరు పెడితే రేణువులకు అంటుకున్న బ్యాక్టీరియా అక్కడే ఆగిపోతుంది. అలా తీసిన నమూనాను, ఆ ఫిల్టరు లేకుండా తీసినదానితో పోల్చకూడదు. ముంచిన 2 గంటల్లో వడపోత ముగించి, సిరంజితో నీరంతా తోసేసి, నిల్వ ద్రావణం నింపి, తర్వాత మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. చేపల ఐసుని నమ్ముకోవద్దు. శుద్ధజలాన్ని కూడా ఒకసారి ఇదే దారిన వడపోసి ఖాళీ నమూనాగా దాచాలి. దాన్లో కనిపించే జీవులు మీ చేతులవో, గొట్టాలవో.

డీఎన్ఏకి నకళ్లు తీసే పీసీఆర్‌కి 515ఎఫ్-వై, 926ఆర్ ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) వాడండి. పాత 515ఎఫ్, 806ఆర్ జత సార్11 అనే బ్యాక్టీరియా గుంపును తక్కువ చేసి చూపేది. సముద్రంలో ఎక్కువగా ఉండేదే అది మరి! ఫలితాల్లోంచి క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా (శైవలాల వంటి పెద్ద కణాల లోపలి భాగాలు) డీఎన్ఏ వరసలు తీసేయండి. ఒక నమూనాకి 20,000 రీడ్లు (చదివిన డీఎన్ఏ ముక్కలు), ఇంకోదానికి 80,000 వస్తే రెండిటినీ 20,000కి తగ్గించాకే రకాలు లెక్కపెట్టాలి. లేకపోతే ఎక్కువ చదివిన నీటిలోనే ఎక్కువ రకాలు ఉన్నట్టు తేలుతుంది.

చెన్నై నుంచి పశ్చిమ బెంగాల్‌లోని దిఘా దాకా తీరం వెంట తీసినా అక్షాంశం తేడా సుమారు 8.5 డిగ్రీలే. గోదావరి, మహానది మంచినీరు, వేసవి ముందు విశాఖ తీరాన అడుగు నుంచి పైకొచ్చే చల్లనీరు ఆ కాస్త తేడాను మింగేస్తాయి. అందుకే ప్రతి సీసాకీ తేదీ, లోతు, ఉష్ణోగ్రత, లవణీయత రాయాలి. మార్చి విశాఖను అక్టోబరు చెన్నైతో పోల్చి అక్షాంశం పేరు చెప్పకండి.