ఫొటో మీద మీరు చెప్పే మాట బెడిసికొడుతోందా? సమస్య ఎక్కడుందో వెతుకుదాం

తోటివాళ్ళు ఫొటో చూపించి "ఎలా ఉందో చెప్పు" అంటారు, మనం మంచి మనసుతోనే ఏదో చెప్తాం, ఆ తర్వాత ఒకరు మొహం ముడుచుకుంటారు, ఒకరు వాదనకి దిగుతారు, ఇంకొకరు థాంక్స్ చెప్పి వచ్చే నెల మళ్ళీ అదే తప్పుతో ఇంకో ఫొటో తెస్తారు. ఇలా జరిగినప్పుడు నేను ముందు నా మాటనే అనుమానిస్తాను, చాలాసార్లు తేడా అక్కడే దొరుకుతుంది. మీకు ఏది ఎదురైందో ఆ భాగానికే వెళ్ళి చదువుకోండి, వరసగా చదవాలనేం లేదు.

సమస్య: "బాగుంది", "సూపర్" తప్ప ఇంకేం చెప్పాలో తోచట్లేదు

కారణం మొహమాటం అనుకుంటాం కానీ ఎక్కువసార్లు అది కాదు, ఫొటోని సరిగ్గా చూడకపోవడం. రెండు సెకన్లు చూసి వేలితో పైకి తోసేస్తే చెప్పడానికి ఏం మిగులుతుంది?

ఒక్క నిమిషం ఏం మాట్లాడకుండా చూడండి. కన్ను ముందు ఎక్కడికి పోయింది, అక్కణ్ణుంచి ఎటు జారింది, ఎక్కడ ఆగింది. తర్వాత ఫ్రేమ్ నాలుగు అంచుల వెంబడి ఒకసారి తిరిగి రండి, సగం తెగిన చెయ్యి, తల మీంచి మొలిచినట్టున్న స్తంభం, మూలలో ఎవరిదో చెప్పు, ఇలాంటివి చాలావరకు అప్పుడే దొరుకుతాయి. ఇప్పుడు చూసింది చూసినట్టు చెప్పండి. కిటికీ పక్కన కూర్చున్న తాతగారి ఫొటో అనుకోండి, "నా కన్ను ముందు వెనకున్న తెల్ల కుర్చీ మీదకి పోయింది, ఆయన మొహం దగ్గరికి తర్వాత వచ్చింది" అంటే చాలు, ఫ్రేమ్‌లో అన్నిటికంటే వెలుగున్న చోటు కన్నుని లాగేస్తుందని తీసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఈసారి కుర్చీ జరుపుతారు లేదా తామే ఓ అడుగు పక్కకి జరుగుతారు. మెచ్చుకోవడం కూడా ఇంతే, "లైటింగ్ బాగుంది" అని వదిలేయకుండా "కిటికీ వెలుగు పక్కనుంచి పడటం వల్ల చెంప మీద ముడతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి" అనండి, అప్పుడే వాళ్ళు దాన్ని ఇంకోసారి కావాలని చేయగలరు.

సమస్య: "షార్ప్‌గా లేదు" అని చెప్పాం, వాళ్ళు కొత్త లెన్స్ కొన్నారు, ఫొటో మాత్రం అలాగే ఉంది

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సమస్య, ఎందుకంటే ఇక్కడ మన అరకొర మాటకి ఎదుటివాళ్ళ డబ్బు ఖర్చవుతుంది. "షార్ప్‌గా లేదు" అనేది లక్షణం మాత్రమే, జ్వరం వచ్చింది అన్నట్టు. వెనక కనీసం మూడు కారణాలు ఉండొచ్చు, మూడిటికీ మందు వేరు.

ఫొటోని 100 శాతం జూమ్ చేసి చూడండి. ఫ్రేమ్‌లో కదలని వస్తువులు కూడా అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టు, చిన్న లైటు చుక్కలు గీతల్లాగా కనిపిస్తే చెయ్యి కదిలింది. షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో చూడండి, 200 ఎం.ఎం. లెన్స్‌తో 1/60 సెకను దగ్గర తీసుంటే ఆశ్చర్యం ఏం లేదు, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది) పాత లెక్క ప్రకారం, ఎన్ని ఎం.ఎం. లెన్సో సెకనులో అన్నో వంతు, అంటే 1/200 లేదా అంతకంటే వేగంగా ఉండాలి, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఉంటే కొంచెం తగ్గించుకోవచ్చు.

గోడ, చెట్టు అన్నీ స్పష్టంగా ఉండి పరిగెడుతున్న పిల్లాడు మాత్రం చెదిరాడంటే చెయ్యి కాదు, పిల్లాడే కదిలాడు. దీనికి స్టెబిలైజేషన్ పనికిరాదు, షట్టర్ 1/500 చుట్టుపక్కలకి తీసుకెళ్ళి ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో చీకటిగా రాకుండా చూసే సెట్టింగ్) పెంచమనండి. "నాయిస్ వస్తుంది కదా" అంటారు, నాయిస్ అంటే ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు, రానివ్వండి, నాయిస్‌ని ఎడిటింగ్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు, చెదిరిన మొహాన్ని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

మూడోది, ఎక్కడో ఒకచోట షార్ప్‌గా ఉంది కానీ కావాల్సిన చోట లేదు. చెవి మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కళ్ళు మాత్రం మసక. అంటే ఫోకస్ తప్పింది. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎం.ఎం. లెన్స్‌ అపెర్చర్‌ని, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 1.8 దగ్గర బాగా తెరిచి పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 3 సెంటీమీటర్లే, మనిషి ఊపిరి తీసుకుని కొంచెం ముందుకి వంగినా కన్ను బయటికి పోతుంది. ఆ రంధ్రం తగ్గించి ఎఫ్ 4కి వెళ్ళమనండి, లోతు పెరుగుతుంది, ఫోకస్ పాయింట్ దగ్గరున్న కంటి మీద పెట్టమనండి.

"ముక్కు పెద్దగా వచ్చింది, లెన్స్ బాలేదు" అనే మాట కూడా ఇలాంటిదే. అది లెన్స్ తప్పు కాదు, దూరం తప్పు. బాగా దగ్గరికెళ్ళి తీస్తే ఏ కెమెరాకైనా ముక్కు ముందుకొస్తుంది, రెండడుగులు వెనక్కి వేసి కొంచెం జూమ్ చేసుకుంటే సరిపోతుంది.

సమస్య: చెప్పగానే "నేను కావాలనే అలా తీశాను" అని వాదన

అడగకుండా తీర్పు చెప్పేశాం, అదీ కారణం. మొహం నల్లగా వచ్చిందంటాం, వాళ్ళేమో సిల్హౌట్ (వెలుగుకి ఎదురుగా నల్లటి ఆకారం మాత్రమే కనిపించడం) కోసమే తీశారు. రూల్ ఆఫ్ థర్డ్స్ (ముఖ్యమైనదాన్ని నట్టనడుమ కాకుండా ఫ్రేమ్‌లో మూడో వంతు గీత మీద పెట్టాలనే లెక్క) లేదంటాం, పైనున్నదీ నీళ్ళలో దాని నీడా సమానంగా రావాలనే వాళ్ళు హొరైజన్‌ని, అంటే నింగీ నేలా కలిసే గీతని, నట్టనడుమ పెట్టారు.

ముందు ఒక్క ప్రశ్న, "ఇందులో నీకు ముఖ్యమైంది ఏది?" వాళ్ళ జవాబుని బట్టి మాట్లాడండి. సిల్హౌట్ అనుకున్నారా, అయితే ఆకారం తేలిగ్గా గుర్తుపట్టేలా ఉందా, చెయ్యి ఒంటికి అతుక్కుపోయి ముద్దలా అయిందా చూడండి, అప్పుడు మీరు చెప్పేది వాళ్ళ పనికి సాయం అవుతుంది. ఇంకోటి, "నువ్వు ఎప్పుడూ వంకరగా తీస్తావు" అనొద్దు, "ఇందులో సముద్రం కుడివైపుకి జారుతోంది" అనండి.

సమస్య: అసలు ఫొటోలు చూపించడమే మానేశారు

ఒకప్పుడు ఒక ఫ్రెండ్ మొదటిసారి పది ఫొటోలు చూపిస్తే ఒక్కో దానికీ నాలుగైదు తప్పులు చెప్పాను, అన్నీ నిజమే, సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆ తర్వాత చాలా నెలలు తను నాకు ఒక్క ఫొటో కూడా చూపించలేదు. అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

కారణం మోతాదు. ఒక ఫొటోకి ఒక్క విషయం, అదీ వచ్చేసారి కెమెరా పట్టుకున్నప్పుడు మార్చుకోగలిగేది. తెల్లగా కాలిపోయి వివరమే లేని ఆకాశాన్ని ఇప్పుడు ఎవరూ వెనక్కి తేలేరు, కాబట్టి దాని గురించి మాట్లాడితే "వచ్చేసారి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించి చూడు" అనేంతవరకే.

ఇంకో ముఖ్యమైన మాట. కొన్ని ఫొటోలు ఫీడ్‌బ్యాక్ కోసం చూపించరు. పోయిన అమ్మ ఫొటో చూపిస్తున్నవాళ్ళకి నాయిస్ గురించి చెప్పకండి, ఆ రోజు ఏం జరిగిందో అడగండి.

సమస్య: మీకు చీకటిగా ఉంది, వాళ్ళకి బాగానే కనిపిస్తోంది

తేడా స్క్రీన్‌ది. బ్రైట్‌నెస్ తగ్గించి, రాత్రిపూట పసుపు ఫిల్టర్ ఆన్‌లో పెట్టుకుని రంగుల గురించి మాట్లాడితే అది ఫొటో మీద ఫీడ్‌బ్యాక్ కాదు. ఫిల్టర్ తీసేయండి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత చూపే గ్రాఫ్, ఎడమ చీకటి, కుడి వెలుగు) ఎటు గుమిగూడిందో చూడండి. మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, షట్టర్, అపెర్చర్ వివరాలు కూడా చాలాసార్లు పోతాయి, అందుకే ఒరిజినల్ ఫైల్‌నే డాక్యుమెంట్‌లాగా పంపమనండి.

సమస్య: వాళ్ళ ఫొటోలన్నీ మీ ఫొటోల్లా తయారవుతున్నాయి

"నేనైతే ఇలా తీసేవాణ్ణి" అని పదే పదే చెప్పడం వల్ల వస్తుంది, ఇందులో ఇద్దరికీ నష్టమే. అడగకుండా వాళ్ళ ఫొటోని ఎడిట్ చేసి పంపడం కూడా మానేయండి. క్రాప్ (అంచులు కత్తిరించడం) గురించి చెప్పాలనిపిస్తే తెల్ల అట్టని ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించి, ఎదురెదురుగా స్క్రీన్ మీద ఆనించి వాళ్ళ చేతికే ఇవ్వండి. ఎడమవైపు ఖాళీ తగ్గిస్తూ, పెంచుతూ వాళ్ళే జరుపుకుంటారు, ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగుతుంది. అక్కడే ఎందుకు ఆగిందో అడిగి, చెప్పేదాకా ఆగండి.