పరదేశపు ప్రాణులతో పరిచయం – మూడవ పాఠం: కోతి పళ్ళికిలిస్తే

గత పాఠంలో బల్లి పలుకు గురించి తెలుసుకున్నాము. థాయిలాండ్, ఇండోనేషియా ఇళ్ళలో రాత్రిపూట గోడ మీది నుంచి పెద్ద గొంతుతో "తొక్కే, తొక్కే" అని పిలిచే, జానెడుకు మించిన పొడవున్న ఆ బల్లికి భయపడి ఇల్లు మారవలసిన అవసరం లేదని ఇప్పటికి మీకు తెలిసింది. ఈ పాఠంలో కోతి ముఖాన్ని చదవడం నేర్చుకుందాము. చెన్నై నుంచి ఉద్యోగరీత్యా సింగపూర్, కౌలాలంపూర్, బాలి వైపు వెళ్ళే మనవాళ్ళు ఇంటికి ఫోను చేసి నవ్వుతూ చెప్పే కథల్లో ఎక్కువ భాగం కోతులవే. ఆ కథలు నవ్వుతో ముగియాలంటే, ఆసుపత్రిలో ముగియకుండా ఉండాలంటే ఈ చదువు అవసరం.

ముందు ఒక సంఘటన చెబుతాను. మేము సింగపూర్‌లో బుకిట్ తీమా కొండ దగ్గర ఉండే రోజుల్లో టి.నగర్ నుంచి మా పిన్ని నెల రోజులు ఉండడానికి వచ్చింది. ఒక శనివారం ఉదయం మేమిద్దరం సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి, అర్చన చేయించుకొని, రెండు కొబ్బరిచిప్పలూ నాలుగు అరటిపళ్ళూ ప్లాస్టిక్ సంచిలో వేసుకొని తిరిగి వస్తుండగా, మా వీధి మలుపులో ఇనుప కమ్మీ మీద కూర్చున్న ఒక పెద్ద మగకోతి కనిపించింది. పిన్నికి కోతులంటే భయం లేదు. ఏటా షోళింగూరు కొండెక్కి నరసింహస్వామిని చూసి వచ్చే మనిషి. దాని కళ్ళలోకి సూటిగా చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "ఏరా నాన్నా, ఇక్కడ కూడా ఉన్నావా?" అని పలకరించింది. కోతి కనుబొమలు పైకెత్తి నోరు గుండ్రంగా తెరిచింది. "ఆవలిస్తున్నాడే, పాపం నిద్ర తీరినట్టు లేదు" అంటూ పిన్ని మరో అడుగు ముందుకు వేసింది. మరుక్షణం సంచి చిరిగి, అరటిపళ్ళు రోడ్డు మీద దొర్లాయి. వెనకాల చెట్టు మీది నుంచి దిగిన ఒక పిల్లకోతి పండు మీద చేయి వేయబోయి, పెద్దకోతి తలతిప్పి చూడగానే, పెదవులు వెనక్కి లాగి పళ్ళికిలించింది. "వీడెవడో మంచివాడు, నవ్వుతున్నాడు చూడు" అన్నది పిన్ని. పెద్దకోతి అరటిపళ్ళను దవడల్లోకి కుక్కుకొని, కొబ్బరిచిప్పను రెండు చేతులా పట్టుకొని గీకడం మొదలుపెట్టింది. పిన్ని కొంగు సర్దుకొని, "కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు అని చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాను గానీ, కళ్ళారా చూడడం ఇదే మొదటిసారి" అన్నది. ఆ మాటకు మేమిద్దరం ఇంటికి చేరేదాకా నవ్వుతూనే ఉన్నాము.

ఇప్పుడు ఇదే సంఘటనను కోతి వైపు నుంచి మళ్ళీ చదవండి. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకెత్తి, కనురెప్పల మీది లేత రంగు చర్మం కనబడేలా రెప్ప వేయకుండా చూడడం బెదిరింపు. "ఇంకొక్క అడుగు వేశావంటే ఊరుకోను" అని దాని అర్థం. పిన్ని దానిని ఆవలింత అనుకొని సరిగ్గా ఆ ఒక్క అడుగే వేసింది. అసలు గొడవ అంతకు ముందే మొదలైంది. మనిషి సూటిగా కళ్ళలోకి చూడడమే కోతి లెక్కలో సవాలు. దానికి తోడు మన నవ్వులో పళ్ళు బయటపడతాయి, సూటి చూపుతో కలిసిన ఆ పళ్ళు కోతికి స్నేహంగా తోచవు. ఇక పిల్లకోతి సంగతి. చప్పుడు చేయకుండా పెదవులు వెనక్కి లాగి రెండు వరుసల పళ్ళూ చూపడం ఈ కోతుల్లో ఎక్కువగా భయానికీ లొంగుబాటుకీ గుర్తు. తన కంటే బలమైన కోతి ఎదురైనప్పుడు "నీ జోలికి రాను" అని అది చెప్పుకొంటుంది. తెలుగులో పళ్ళికిలించడం అనే మాటలో ఎలాగూ ఆదరం లేదు, కొంచెం దీనత్వం, కొంచెం వెకిలితనం ఉన్నాయి. ఆ మాటను గుర్తు పెట్టుకుంటే దానిని నవ్వుగా పొరబడరు. నిజమైన స్నేహానికి గుర్తు వేరే ఉంది. పెదవులను గబగబా కలిపి విడదీస్తూ చప్పరించినట్టు చేయడం, తల్లి పిల్లకూ, పేలు చూసే కోతి ఎదుటి కోతికీ చూపే ఆదరం. ఈ మూడింటినీ విడదీసి గుర్తించగలిగితే ఈ పాఠంలో కష్టమైన భాగం దాటినట్టే.

సంచి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పిన్ని అసలు పోగొట్టుకొన్నది సంచి వల్లనే. మనుషుల దగ్గర తిండికి అలవాటు పడిన కోతికి ప్లాస్టిక్ సంచి గరగర అంటే భోజనం పిలుపు. లోపల చీపురుపుల్లలు ఉన్నా అది ముందు సంచినే లాగుతుంది. అందువల్ల తినుబండారాలను జిప్పు ఉన్న బట్టసంచిలో, కనబడకుండా పెట్టుకోవాలి. కోతి సంచిని పట్టుకొంటే ఎదురు లాగవద్దు, వదిలేయండి. పరుగెత్తవద్దు, అరవవద్దు, చూపు పక్కకు తిప్పి, దాని వైపు పూర్తిగా వీపు పెట్టకుండా, నెమ్మదిగా వెనక్కి నడవండి. అరటిపండు దవడ సంచుల్లోకి వెళ్ళిందంటే దాని మీద ఆశ వదులుకోవలసిందే. తీసుకొన్నది అక్కడ దాచుకొని, తీరికగా మరో చోట కూర్చొని నమలడం ఈ జాతుల సహజ గుణం.

సింగపూర్‌లో మీరు చూసేది పొడవుతోక కోతి, మన చెన్నైలో గిండీ అడవిలోనూ ఐఐటీ ఆవరణలోనూ కనిపించేది నడినెత్తిన వెంట్రుకలు టోపీలా పరుచుకొన్న దక్షిణాది కోతి. జాతులు వేరైనా రెండూ ఒకే కుటుంబపు చుట్టాలు, ముఖభాష దాదాపు ఒకటే. మారేది ఊరి చట్టం. సింగపూర్‌లో 2020 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం అడవి జంతువుకు తిండి పెడితే మొదటిసారి 5,000 సింగపూర్ డాలర్ల వరకు, మళ్ళీ చేస్తే 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. మన దగ్గర పుణ్యమనుకొని అరటిపండు అందించే చేయి అక్కడ జేబులోనే ఉండాలి. నాకు ఈ చట్టం కఠినంగా అనిపించదు. చేతి నుంచి తిండి అందుకొన్న కోతే రేపు మరొకరి సంచి చింపుతుంది.

బాలి సంగతి మరీ విచిత్రం. ఉలువటు గుడి దగ్గరి కోతులు కళ్ళజోడు, ఫోను, టోపీ లాక్కొని, తిండి ఇస్తే గానీ తిరిగి ఇవ్వవు. 2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, వయసు వచ్చిన కోతులు మనిషి ఎక్కువగా విలువ కట్టే వస్తువునే ఎంచి లాక్కొంటాయి, దానికి తగిన మేలైన తిండి వచ్చేదాకా బేరం ఆడతాయి. పిల్లకోతులకు ఆ తేడా ఇంకా తెలియదు. మీరు వెళ్ళినప్పుడు కళ్ళజోడును ముందే సంచిలో పెట్టుకోండి. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కోతి కరిచినా గీరినా పుండును సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. ఈ ఒక్క విషయంలో కథ చెప్పుకొనేందుకు ఇంటికి వెళ్ళడం తరువాత.

ఈ వారపు అభ్యాసం పరదేశం వెళ్ళకుండా మన వైపే చేయండి. షోళింగూరు మెట్ల మీదనో, అలిపిరి దారిలోనో, మీ మేడ మీదకు వచ్చే గుంపు దగ్గరనో, కనీసం పది అడుగుల దూరంలో, చేతిలో తిండి లేకుండా అరగంట కూర్చోండి. ఏ కోతి ఏ కోతిని చూసి నోరు తెరిచింది, ఏది పళ్ళికిలించింది, ఏది పెదవులు చప్పరించింది, ఆ తరువాత ఏది పక్కకు జరిగింది అన్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ముందు ముఖం రాయండి, తరువాత జరిగినది రాయండి, మీ ఊహను చివర వేరే వరుసలో రాయండి. పది సంఘటనలు పూర్తయ్యాక, ముఖాన్ని బట్టి తరువాతి చర్యను ముందుగా చెప్పడానికి ప్రయత్నించండి.

వచ్చే పాఠంలో బ్యాంకాక్ లుంపినీ పార్కులో జనం మధ్య నడిచే నీటి ఉడుము. థాయి భాషలో దాని అసలు పేరు పెద్ద తిట్టు, అందుకని అక్కడివారు మర్యాదగా "వెండి, బంగారం" అని అర్థం వచ్చే పేరుతో దానిని పిలుస్తారు. ఆ రెండవ పేరును పలకడం ముందుగా నేర్చుకొని రండి.