మైక్రోపిపెట్ సరిగ్గా కొలుస్తోందా? తూకం వేసి చూడండి

ఉద్దానం బోరు నీళ్ల పరీక్షలైనా, శ్రీకాకుళం కాలేజీ ప్రాక్టికల్స్ అయినా, పిపెట్ (ద్రవాన్ని మైక్రోలీటర్లలో, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతుల్లో, కొలిచి తీసే చేతి పరికరం) తప్పితే ఆపై లెక్కలన్నీ తప్పే. 1000 మైక్రోలీటర్ల పిపెట్‌కి 0.1 మిల్లీగ్రాము దాకా చూపే త్రాసు చాలు.

డిస్టిల్డ్ వాటర్, పిపెట్, టిప్పులు (పిపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ మొనలు) రెండు గంటల ముందే ఆ గదిలో పెట్టండి. ఫ్యాను ఆపేయండి. ఉక్కపోసినా తప్పదు, గాలికి అంకె నిలవదు. కొత్త టిప్పును మూడుసార్లు నీళ్లతో తడపండి, లేకపోతే మొదటి కొలత తగ్గుతుంది. పిపెట్ నిలువుగా పట్టుకుని, పై బటన్‌ను మొదటి ఆపు దాకా (తొలి అడ్డు తగిలే వరకు) నొక్కి, టిప్పు 3 మిల్లీమీటర్లే ముంచి, బొటనవేలు మెల్లగా వదలండి. ఒక సెకను ఆగి పైకి తీయండి. టపీమని వదిలితే బుడగలొస్తాయి, నీరు లోపలి పిస్టన్ దాకా ఎగురుతుంది. త్రాసు మీది గిన్నె గోడకి టిప్పు ఆనించి రెండో ఆపు దాకా నొక్కండి.

ఇలా పది తూకాలు. మిల్లీగ్రాముల సగటును, నీరు 30 డిగ్రీలుంటే 1.0054తో గుణించండి, మైక్రోలీటర్లు వస్తాయి. 20 డిగ్రీల గుణకం 1.0029 మన వేసవికి పనికిరాదు. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం 992-1008 మైక్రోలీటర్ల మధ్య రావాలి. పదీ ఒకేలా తగ్గితే సర్దుబాటు చేయించాలి. ఒక్కోటి ఒక్కోలా వస్తే ముందు టిప్పు బిగువు, ఓ-రింగ్ (లోపల గాలి పోకుండా ఆపే రింగు) చూడండి. నింపాక చివర చుక్క దిగుతుంటే లీకే.