గ్రీన్ కార్డు ఉన్నవారు ఓటరు నమోదు ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి?

పన్నులు కడుతున్నాం, గ్రీన్ కార్డు వచ్చింది, పిల్లలు ఇక్కడే పుట్టారు కనుక అమెరికాలో ఓటు కూడా ఉంటుందనుకునే తెలుగువారు ఇప్పటికీ కనిపిస్తారు. ఉండదు. అధ్యక్ష, సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికలలో పౌరులు కానివారు ఓటు వేయడం 1996 నాటి చట్టం ప్రకారం నేరం. ఏడాది వరకు జైలు పడవచ్చు, దేశం నుంచి పంపివేయడానికీ అది కారణం కావచ్చు. పౌరసత్వ ఇంటర్వ్యూలో నెగ్గినా సరిపోదు, ప్రమాణం చేశాకే ఓటరుగా నమోదు కావాలి.

చిక్కంతా సాధారణంగా డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో మొదలవుతుంది. లైసెన్సు దరఖాస్తుతోపాటే ఓటరు నమోదుకూ వీలు కల్పించాలని 1993 చట్టం చాలా రాష్ట్రాలను ఆదేశించింది కాబట్టి, కౌంటర్‌లోని ఉద్యోగి అలవాటుగా ఆ ప్రశ్న వేస్తారు, లేదా తెర మీద ఒక గడి కనిపిస్తుంది. వెనుక క్యూ పెరుగుతోందన్న తొందరలో అవునని తల ఊపకండి. పౌరులు కారని స్పష్టంగా చెప్పి, పౌరసత్వం గడిలో 'నో' గుర్తు పెట్టి, సంతకానికి ముందు కాగితమంతా చదివి, నకలు దాచుకోండి. పొరపాటున నమోదై ఓటరు కార్డు ఇంటికి వస్తే, ఓటు వేయకుండా ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలిసి, ఆ సలహా మేరకు స్థానిక ఎన్నికల కార్యాలయంలో పేరు తీయించుకోండి. ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 అడుగుతుంది. లేదని రాసి దొరికిపోతే పొరపాటుకు అబద్ధం కూడా తోడవుతుంది.

పౌరులు కానివారు లక్షల్లో ఓట్లు గుద్దేస్తున్నారన్నది రెండో అపోహ. జార్జియా రాష్ట్రం 2024లో దాదాపు 82 లక్షల పేర్లున్న జాబితాను జల్లెడ పడితే పౌరులు కానివారు 20 మంది తేలారు. ఒక్క ఓటు కోసం గ్రీన్ కార్డును పణంగా పెట్టేవారు ఎందరుంటారు? మేరీలాండ్‌లోని టకోమా పార్క్ వంటి కొన్ని ఊళ్లు మాత్రం స్థానిక ఎన్నికలలో పౌరులు కానివారినీ ఓటు వేయడానికి అనుమతిస్తాయి.

భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం మీ ఓటు స్వదేశంలోనే ఉంటుంది. విదేశాల్లో ఉండే భారతీయుల ఓటరు నమోదుకు ఉద్దేశించిన ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులోని భారతదేశపు చిరునామా ఉన్న నియోజకవర్గంలో నమోదై, పోలింగ్ రోజున అసలు పాస్‌పోర్టుతో స్వయంగా వెళ్లాలి. ఆన్‌లైన్‌లో వేయవచ్చనే వాట్సాప్ సందేశాలను నమ్మవద్దు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే ఆ ఓటు పోతుంది, ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు దాన్ని తిరిగి ఇవ్వదు. ఊరి జాబితాలో పాత పేరు మిగిలి ఉంటే ఫారం 7తో తీయించుకోవాలి.